అమ్మానాన్నలతో ఢిల్లీ: ఎక్కడ జాగ్రత్తపడాలి?

తెనాలి తాతారావు:
వచ్చే నెల అమ్మానాన్నల్ని తీసుకుని ఢిల్లీ వెళ్తున్నా. నాన్నకి హిందీ సున్నా, నాది సినిమా హిందీ. పహాడ్‌గంజ్‌లో రూమ్ బుక్ చేశాను. మోసాలెక్కువని ఎవరో చెప్తే అమ్మ ఇప్పట్నుంచే టెన్షన్ పడుతోంది. వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి.

ఓరుగల్లు పిల్ల:
మాకు రైలు దిగిన పది నిమిషాలకే తగిలాడొకడు. స్టేషన్ బయట, మెడలో ఏదో ఐడీ కార్డు. ఏ హోటలని అడిగి, తనే ఫోన్ కలిపి మా ఆయన చేతికిచ్చాడు. అవతలివాడు "రూమ్ లేదు సార్, రాత్రి పైపు పగిలింది" అన్నాడు. మా ఆయన నమ్మేశాడు కూడా! నేను బుకింగ్ కాగితం మీదున్న నంబరుకి నా ఫోన్ నుంచి చేస్తే "రండి మేడమ్, రూమ్ రెడీ" అన్నారు. తలెత్తి చూస్తే కార్డువాడు మాయం.

చిక్కడపల్లి బాబాయ్:
"ఈరోజు మూసేశారు, వేరే చోటు చూపిస్తా" అనేది కూడా అలాంటిదే. ఎర్రకోట, అక్షర్‌ధామ్ సోమవారం సెలవు, తాజ్‌మహల్ శుక్రవారం. మిగతా రోజుల్లో ఎవడైనా అలా అంటే నవ్వి ముందుకి నడవండి. కన్నాట్ ప్లేస్‌లో టూరిస్ట్ ఆఫీసని బోర్డు కనబడగానే దూరకండి, ట్రావెల్ ఏజెంట్లు అలాగే పెట్టుకుంటారు. కేంద్ర పర్యాటక శాఖవాళ్లది జన్‌పథ్‌లో 88 నంబరు.

విశాఖ_కెరటం:
కన్నాట్ ప్లేస్‌లో నా బూటు కథ వినండి. నడుస్తుంటే వెనకనుంచి "సాబ్, జూతా!" అన్నాడు. చూస్తే కుడి బూటు మీద ఇంత పేడ ముద్ద. అంత శుభ్రమైన ఫుట్‌పాత్ మీద పేడెక్కడిదో అర్థం కాలేదు. అడక్కుండానే కూర్చుని తుడిచి, పాలిష్ కొట్టి, ఐదొందలన్నాడు. బేరమాడి వందిచ్చా. వేసింది వాడేనని రూముకెళ్లాక వెలిగింది.

తెనాలి తాతారావు:
😂 మరి ఆటోలు?

చిక్కడపల్లి బాబాయ్:
అందరూ దొంగలు.

ఓరుగల్లు పిల్ల:
అట్లనకండి బాబాయ్, సీట్లో మర్చిపోయిన బ్యాగు వెనక్కొచ్చి ఇచ్చినాయన కూడా ఆటో ఆయనే. స్టేషన్‌లో ప్రీపెయిడ్ బూత్ ఉంది, స్లిప్పు మాత్రం దిగాకే ఇవ్వండి. మెట్రో ఇంకా నయం. రాజీవ్ చౌక్‌లో ఎక్కేటప్పుడు తోపులాట, పర్సు ముందు జేబులోకి మార్చుకోండి. ముందు బోగీ ఆడవాళ్లది, అమ్మగారు హాయిగా కూర్చోవచ్చు. కానీ ఏ స్టేషన్‌లో దిగాలో ముందే చెప్పి పంపండి.

ఇంకోటి, అక్షర్‌ధామ్ లోపలికి ఫోన్లు తీసుకెళ్లనివ్వరు, అన్నీ క్లోక్‌రూమ్‌లోనే. మా అత్తమ్మ లోపల తప్పిపోయి ముప్పావుగంట ఏడ్చింది. ఫోన్లో తప్ప నంబర్లు ఎవరికి నోటికొస్తయి? ఎక్కడ కలవాలో ముందే అనుకుని, హోటల్ పేరు, మీ నంబరు చీటీ రాసి అమ్మ పర్సులో పెట్టండి. పోలీసులకి 112, రైల్లో ఏదైనా అయితే 139.

విశాఖ_కెరటం:
అశోకా రోడ్‌లో ఆంధ్రా భవన్ క్యాంటీన్ మరవకండి. అక్కడ మోసమేం లేదు, మధ్యాహ్నం క్యూ ఒక్కటే.

తెనాలి తాతారావు:
వెళ్లొచ్చాం, అందరికీ థాంక్స్. చీటీ అవసరం పడలేదు, అమ్మ దాన్ని ఇప్పటికీ పర్సులోంచి తీయలేదు. కన్నాట్ ప్లేస్‌లో మాకూ "సాబ్, జూతా!" వినిపించింది. నేను హడలిపోయి కిందకి చూశా. నాన్న కాళ్లకున్నవి హవాయి చెప్పులు.