“మరి ఎందుకు భరిస్తున్నారు?” అనేశాను. ఆమె మళ్లీ నాతో మాట్లాడలేదు

కొత్త డ్యూటీ:

సీనియర్లందరికీ నమస్తే. సైకియాట్రీ వార్డులో నర్సుగా చేరి నాలుగు నెలలైంది. పోయిన వారం జరిగింది మనసులోంచి పోవడం లేదు. తిట్టినా సరే, ఉన్నదున్నట్టు చెప్పండి.

తీవ్రమైన డిప్రెషన్‌తో చేరిన ఒకామె. అప్పుడప్పుడు చెవిలో గొంతులు వినబడుతున్నాయంటుంది. భర్త విజిటింగ్ టైముకు ఐదు నిమిషాలు ముందే వచ్చి కూర్చుంటాడు. “రాత్రి నిద్ర పట్టిందా?” అని ఆమెను అడిగితే జవాబు ఆయన చెప్తాడు. మా స్టాఫ్‌లో సగం మందికి ఆయనంటే మహా గౌరవం, “ఎంత ఓపిక ఆ మనిషికి” అని.

ఆ రోజు బీపీ చూద్దామని కఫ్ కడుతుంటే మోచేతికి పైన నాలుగు వేళ్ల గుర్తులు కనబడ్డాయి, పాతబడి పచ్చగా మారాయి. ఏంటివి అని అడిగాను. గుమ్మం వైపు ఒకసారి చూసి, “ఆయనకు కోపమొస్తే అంతే” అంది. నాకు ఒళ్లు మండిపోయి, “మరి ఎందుకు భరిస్తున్నారు? వదిలేసి వెళ్లిపోవచ్చు కదా!” అనేశాను. చెయ్యి లాక్కుని దుప్పటి కప్పేసుకుంది. అప్పట్నుంచి నేను మందులిస్తే మింగుతుంది, అంతే.

డ్యూటీ అప్పగించేటప్పుడు చెబితే ఒక సీనియర్, “గొంతులు వినబడే మనిషి మాటలన్నీ నమ్ముతావా?” అన్నారు. నేనేమని ఉండాల్సింది? ఇప్పుడేం చేయాలి?

బ్రదర్ ఇన్ ఛార్జ్:

పరీక్షకు చదివిందే సిస్టర్. “ఎందుకు” అనే ప్రశ్న రోగికి నేరారోపణలా వినబడుతుంది. సలహా ఇవ్వడం, “అంతా సర్దుకుంటుంది” అని ఉత్తుత్తి ధైర్యం చెప్పడం, రెండూ సంభాషణకు తలుపు మూసేవే. 1998లో వచ్చిన హిట్స్ అనే నాలుగు ప్రశ్నల పట్టిక ఉంది: కొట్టడం, అవమానించడం, బెదిరించడం, అరిచి తిట్టడం ఎంత తరచుగా జరుగుతాయని. ఒక్కోదానికి 1 నుంచి 5, మొత్తం 10 దాటితే జాగ్రత్తపడాలి. అది నింపి డాక్టరుకిస్తే మీ పని అయిపోయినట్టే.

పాత నైట్ డ్యూటీ:

బ్రదర్, పట్టిక మంచిదే. కానీ ఆయన పక్కనే కూర్చుని ఉండగా దాన్ని ఎవరు నింపుతారు?

చెల్లీ, ఇరవై రెండేళ్లుగా ఈ వార్డుల్లోనే ఉన్నాను. నిన్ను తిట్టే మొహం నాకు లేదు, నీకంటే పెద్ద తప్పు చేశాను. సర్వీసు మొదట్లో ఇలాగే ఒకామె రాత్రిపూట నాతో అన్నీ చెప్పుకుంది. తెల్లారి నేను ఆవేశంగా భర్తను కారిడార్‌లో నిలబెట్టి కడిగేశాను. ఆయన కిక్కురుమనలేదు. డాక్టరు వద్దంటున్నా మర్నాడే సంతకం పెట్టి ఆమెను ఇంటికి తీసుకెళ్లిపోయాడు. నన్ను నమ్మి చెప్పిన మాటను తీసుకెళ్లి నేనే ఆయన చేతిలో పెట్టాను. ఆమె ఏమైందో నాకు ఇప్పటికీ తెలియదు.

అందుకే నేను మాటల కంటే ముందు గదిని చూసుకుంటాను. ఎవరున్నారు, తలుపు దగ్గర ఎవరున్నారు, బయటికి వినబడుతుందా? బరువు చూడాలనో, ఈసీజీ తీయాలనో ఆమెను ఒంటరిగా తీసుకెళ్లడానికి ఏదో ఒక సాకు దొరుకుతుంది. భాష రాకపోతే బంధువును అనువాదానికి పిలవకూడదు. ఇంకొకటి, ఆమె చెప్పకముందే నేనే చెప్తాను: “మీరు చెప్పింది మీ వైద్యం చూసేవాళ్లను దాటి పోదు. కానీ మీ ప్రాణానికో పిల్లల ప్రాణానికో ముప్పుందనిపిస్తే పైవాళ్లకు చెప్పాల్సి వస్తుంది. అప్పుడు కూడా ముందు మీకు చెప్పే చెప్తాను.” అంతా చెప్పించుకున్నాక ఈ మాట చెబితే అది మోసం.

నీ సీనియర్ మాట సంగతి. నాకు ఈ ఉద్యోగంలో అన్నింటికంటే కోపం తెప్పించేది అదే. గొంతులు వినబడినంత మాత్రాన చేతి మీది వేళ్ల గుర్తులు భ్రమ అయిపోవు. రెండూ ఒకే మనిషికి ఉండొచ్చు, ఒక్కోసారి దెబ్బలే జబ్బును ముదరబెడతాయి. “ఆమెకు పిచ్చి, ఏవేవో ఊహించుకుంటుంది” అనే మాట కొట్టేవాడికి ఎంత వాటమో ఆలోచించు. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇచ్చిన మార్గదర్శకాలు ఆసుపత్రికొచ్చిన ప్రతి స్త్రీనీ అడగమని చెప్పవు. కానీ డిప్రెషన్, ఆత్మహత్యా ప్రయత్నం లాంటివి ఉన్నవాళ్లను ఏకాంతంగా అడగమంటాయి. అంటే మన వార్డు మనుషులనే.

గొంతుల గురించి చెప్పినప్పుడు వాదించకు, వంత పాడకు. “నాకు వినబడటం లేదు, మీకు వినబడుతున్నాయని అర్థమవుతోంది, ఏమంటున్నాయి?” అను. మిమ్మల్నిగానీ ఇంకొకరినిగానీ ఏమైనా చేయమంటున్నాయా అని తప్పకుండా అడుగు. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగానే అడుగు. అడిగితే లేని ఆలోచన పుట్టదు.

దెబ్బల గురించి అయితే నేను చెప్పేది కొంచెమే. “మీరు చెప్పింది నమ్ముతున్నాను. ఇలా జరగడం మీ తప్పు కాదు. ఇప్పుడు మీకు అన్నింటికంటే దేని గురించి భయంగా ఉంది?” ఆ తర్వాత నోరు మూసుకుని కూర్చుంటాను. మొదట్లో ఆ నిశ్శబ్దం భరించలేక మంచం మీది దుప్పటి సర్దుతూ ఉండేదాన్ని! ఆమె ఏడిస్తే చెయ్యి పట్టుకునే ముందు కూడా అడుగుతాను. ఆ చేతిని ఎవరెవరు ఎలా పట్టుకున్నారో నాకేం తెలుసు?

“వదిలేసి వెళ్లు” అనకపోవడానికి ఇంకో కారణముంది. విడిపోయే సమయం, విడిపోయిన కొత్తలోనే ప్రాణాపాయం ఎక్కువ. అది మనకంటే ఆమెకే బాగా తెలుసు. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అని ఒక నర్సే 1980లలో ఈ ప్రమాదాన్ని అంచనా వేసే ప్రశ్నలు తయారుచేసింది. వాటిలో నేను ఒక్కటి కూడా వదలను, ముఖ్యంగా గొంతు నులిమాడా అన్నది. అలా జరిగినవాళ్లు తర్వాత హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా ఉంటుందని 2008లో ఒక పరిశోధన వచ్చింది. మెడ మీద గుర్తేమీ లేకపోవచ్చు. గొంతు బొంగురుపోయిందా, మింగితే నొప్పా, కళ్లలో ఎర్రటి చుక్కలున్నాయా చూడు. “అవును” అంటే అప్పటికప్పుడు డాక్టరును పిలువు, ఆ రోజు జరిగినా వారం కిందట జరిగినా సరే.

కేస్ షీట్లో “భర్తపై ఆరోపిస్తోంది” అని రాయకు. ఆమె అన్న మాట ఆమె మాటల్లోనే రాయి, గుర్తులు ఎక్కడ, ఎంత, ఏ రంగులో ఉన్నాయో బొమ్మ మీద గుర్తించు. ఆ షీటు మంచం కాళ్ల దగ్గర వేలాడదీయకు. చదివేది ఎవరో నీకు తెలుసుగా.

కిటికీ పక్క మంచం:

నేను నర్సును కాను. ఒకప్పుడు అలాంటి వార్డులో మూడు వారాలున్నాను, ఇంట్లోనూ అదే కథ. కొత్త డ్యూటీ గారూ, “ఎందుకు భరిస్తున్నారు” అని నన్ను ఏడుగురు అడిగారు, లెక్కపెట్టుకున్నాను. నాలో నేను రోజూ అడుగుకునే ప్రశ్నే అది, నాకే జవాబు తెలియదు.

ఒక సిస్టర్ మాత్రం సాయం చేసే నంబరు రాసిన కాగితం చేతిలో పట్టుకుని, “ఇది మీ దగ్గరుంటే ప్రమాదమా?” అని అడిగింది. ప్రమాదమే అన్నాను. మరేం అనకుండా చింపేసింది. తర్వాత రెండు రోజులు మందులిచ్చేటప్పుడు ఆ నంబరును ముక్కలుగా నాతో చెప్పించింది, కంఠస్థం అయ్యేదాకా. నేను ఆ నంబరుకు ఫోన్ చేసింది పదకొండు నెలల తర్వాత. ఆ సిస్టర్ దృష్టిలో నేను ఆమె మాట వినకుండా ఇంటికెళ్లిపోయిన పేషెంటునే అయ్యుంటాను.

బ్రదర్ ఇన్ ఛార్జ్:

“పని అయిపోయినట్టే” అన్న నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కొత్త డ్యూటీ:

అందరికీ దణ్ణం. ఇవాళ ఆమెను ఈసీజీ గదికి నేనే తీసుకెళ్లాను, తలుపు వేశాను. చెప్పాలనుకున్నవన్నీ మర్చిపోయాను. “ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది. మీరు చెప్పింది నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. చెప్పాలనిపిస్తేనే చెప్పండి” అన్నాను. ఏమీ అనలేదు. తీగలు తీసేస్తుంటే పైకప్పు చూస్తూ పడుకుంది. పాత నైట్ డ్యూటీ అక్క చెప్పినట్టు నోరు మూసుకోవడం ఎంత కష్టమో తెలిసింది.

వార్డుకు తిరిగొచ్చాక బీపీ చూడాల్సి ఉంది. తనే చెయ్యి చాపింది. కఫ్ విప్పుతుంటే, “ఎంతుంది?” అని అడిగింది. చెప్పాను.