రాతి సిలువా, శిలువా?

మేరరాయి: ఇంగ్లండులోని డార్ట్‌మూర్ బీళ్లలో బాటసారులకు దారి చూపిన మధ్యయుగపు రాళ్ల మీద వ్యాసం రాస్తున్నాను. 'రాతి శిలువ' అని రాయగానే చిన్నప్పటి మాస్టారి మాట గుర్తుకొచ్చింది: "శిలలో పుట్టింది శిలువ..." తరువాతి సగం ఎంత తలచుకున్నా రావడం లేదు. ఆయన మాటే నిజమైతే నేను రాసింది పునరుక్తి కాదా?

పాతప్రతి: కాదు. శిలకూ దానికీ చుట్టరికం లేదు. పాత క్రైస్తవ భాష సిరియాక్‌లో 'స్లీబా', తమిళంలో 'సిలువై', మనకు 'సిలువ'. తెలుగు బైబిలులో ఉన్నది దంత్య సకారమే. 'శి' మన సంస్కృతాభిమానం తెచ్చిపెట్టినది.

గ్రంథప్రియ: పుట్టుక అదే కావచ్చు. జనం అందులో శిలను విన్నారు కదా, అదీ మాటకు ఒక అర్థమే. మీ డార్ట్‌మూర్‌లోని 'నన్స్ క్రాస్' చూడండి. వినగానే సన్యాసినులు మెదులుతారు. కానీ పక్కనున్న కార్న్‌వాల్ భాష కార్నిష్‌లో లోయను 'నాన్స్' అంటారు, పేరు దాని నుంచే వచ్చిందని ఒక వాదం. 1240లో అడవి హద్దులు రాసుకున్నప్పుడు మాత్రం అది సివార్డ్ సిలువ.

మేరరాయి: అవును, ఏడడుగులు దాటిన గ్రానైటు. దాని మీది అక్షరాలను పూర్వం 'బాడ్ బాండ్' అని చదివారు. ఇప్పుడు 'బాక్ లాండ్' అంటున్నారు, అంటే బక్‌లండ్ మఠం భూముల మేర. అరిగిన రాతి మీద రెండు అక్షరాలు మారితే అర్థమే మారిపోయింది!

యతిభంగం: మన అక్షరానికి రండి. శి, సి రెండూ లఘువులే. యతిలో శ, ష, స ఒకదానికొకటి చెల్లుతాయి కాబట్టి అక్కడా సాక్ష్యం దొరకదు. 'ఈ సిలువ' అని పాదం మొదలై, ఆ అక్షరం ప్రాసస్థానంలో, అంటే పాదాలన్నిటా ఒకే హల్లు రావలసిన రెండో అక్షరంగా, పడిన పద్యం కావాలి. జాషువా గారి 'క్రీస్తు చరిత్ర'లో వెతికారా?

పాతప్రతి: ముద్రణలో శకార సకారాలు తారుమారు కావడం ఎన్నిసార్లు చూడలేదు? రాతప్రతి చూడకుండా నేను ఒప్పుకోను.

గ్రంథప్రియ: ఆ కావ్యానికి 1964లో అకాడమీ పురస్కారం వచ్చింది. ఒక్క అక్షరం కోసం తిరగేయవలసిన పుస్తకం కాదండీ అది. కరుణను అంత తేట తెలుగులో పలికించిన కవి మరొకరున్నారా?

యతిభంగం: కరుణ సరే. ప్రాస సంగతి?

మేరరాయి: వ్యాసంలో ప్రస్తుతానికి 'రాతి సిలువ' అని మార్చాను. మాస్టారి గొంతులో మాత్రం నాకు ఇంకా శకారమే వినిపిస్తోంది.