2003 కాలేజీ ఫుట్‌బాల్ సీజన్: విజేత గడిలో ఎవరి పేరు రాయాలి?

అమెరికన్ కాలేజీ ఫుట్‌బాల్ కాన్ఫరెన్స్ (లీగ్‌గా కలిసి ఆడే జట్ల సమూహం) విజేతలనూ, చివరి ర్యాంకులనూ ఏడాదివారీగా పట్టిక వేస్తున్నాను. 2003 దగ్గర పని ఆగిపోయింది. తెలిసినవారు వివరించగలరని మనవి.

ఆ ఏడాది బిగ్ 12 అనే కాన్ఫరెన్స్ ఫైనల్‌లో ఓక్లహోమా 7-35 స్కోరుతో కాన్సాస్ స్టేట్ చేతిలో చిత్తుగా ఓడింది. అయినా పోల్స్ (ఓట్లతో తేల్చే ర్యాంకులు), కంప్యూటర్ ర్యాంకులు, ప్రత్యర్థుల బలం, ఓటముల సంఖ్య కలిపి లెక్కగట్టే బీసీఎస్ (జాతీయ ఫైనల్‌కు రెండు జట్లను ఎంచే అప్పటి పద్ధతి) జాబితాలో మొదటి స్థానం నిలుపుకొని, ఎస్‌ఈసీ కాన్ఫరెన్స్ విజేత ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్)తో, సీజన్ చివరి బౌల్ ఆటల్లో ఆ ఏడాది జాతీయ ఫైనల్ అయిన షుగర్ బౌల్‌లో తలపడింది. ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) పోల్‌లోనూ, కోచ్‌ల పోల్‌లోనూ అగ్రస్థానంలో ఉన్న పసిఫిక్ 10 కాన్ఫరెన్స్ విజేత యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా) మాత్రం అదే జాబితాలో మూడో స్థానానికి జారి రోజ్ బౌల్‌తో సరిపెట్టుకుంది. సొంత కాన్ఫరెన్స్‌నే గెలవని జట్టుకు ఫైనల్ ఆడే అవకాశం దక్కడం నాకైతే మింగుడుపడటం లేదు.

చివరికి ఎల్‌ఎస్‌యూ 21-14తో ఓక్లహోమాపై, యూఎస్‌సీ 28-14తో మిషిగన్‌పై గెలిచాయి. బీసీఎస్ ఫైనల్ విజేతకే ఇవ్వాలన్న ఒప్పందం ప్రకారం కోచ్‌ల పోల్ కిరీటం ఎల్‌ఎస్‌యూకూ, ఆ ఒప్పందం లేని ఏపీ కిరీటం యూఎస్‌సీకీ దక్కాయి.

బౌల్ ఆటలకు ముందు మూడు జట్లకూ ఒక్కో ఓటమే ఉంది కాబట్టి, యూఎస్‌సీని వెనక్కి నెట్టింది కంప్యూటర్లా, ప్రత్యర్థుల బలం లెక్కా? రెండు పోల్స్‌కు మూడింట రెండు వంతుల బరువిచ్చిన 2004 సూత్రంతో ఎవరైనా ఆ సీజన్‌ను మళ్ళీ లెక్కించారా? పట్టికలో జాతీయ విజేతగా ఇద్దరి పేర్లూ రాయడమే ఆనవాయితీయా?