డెన్మార్క్‌లో మునిసిపాలిటీలను కలిపేశాక ఖర్చు నిజంగా తగ్గిందా?

ప్రశ్న:
2007 జనవరి 1న డెన్మార్క్‌లో 271 మునిసిపాలిటీలు 98కి తగ్గాయి. మునిసిపాలిటీలకు పైన, మన జిల్లాల్లా ఉండే పాత కౌంటీలను ఎత్తేసి 5 రీజియన్లు పెట్టారు. పొదుపు అనగానే అందరూ దీన్నే చూపిస్తారు. ఇంత పెద్ద విలీనం ఎలా చేయగలిగారు? డబ్బు మిగిలిందా?

జవాబు 1:
ముందు ఎలా చేశారో చెబుతాను. 2002లో కమిషన్ వేశారు, 2004 జనవరిలో నివేదిక వచ్చింది, అదే ఏడాది జూన్‌లో రాజకీయ ఒప్పందం కుదిరింది. జనాభా 20,000 దాటకపోతే పక్కవాళ్లతో కలవాలి, లేదా కొన్ని పనులు పక్క మునిసిపాలిటీకి అప్పజెబుతూ ఒప్పందం రాసుకోవాలి. లేసో, సామ్సో లాంటి దీవులు ఈ రెండో దారి పట్టాయి. ఎవరితో కలవాలో తేల్చుకోవడం మాత్రం స్థానిక కౌన్సిళ్లకే వదిలారు, గడువు 2005 జనవరి 1. చివరికి 239 కలిసి 66 అయ్యాయి, 32 కదల్లేదు.

2005 నవంబరులో ఎన్నికైన కొత్త కౌన్సిళ్లు 2006 అంతా విలీన కమిటీలుగా పనిచేశాయి. పాత కౌన్సిళ్ల పదవీకాలం ఒక ఏడాది పొడిగించారు. ఆ ఏడాది ఒకే ఊరికి రెండు కౌన్సిళ్లన్నమాట.

జవాబు 2:
డబ్బు కారింది సరిగ్గా అక్కడే. విలీనం ఖాయమని తెలిశాక పాత కౌన్సిళ్లు నిల్వలు ఖర్చు పెట్టేశాయి. లెక్క వేసి చూడండి: 5,000 మంది ఉన్న ఊరు 50,000 మంది ఉండబోయే మునిసిపాలిటీలో కలుస్తోందనుకుందాం. పోతూ పోతూ 10 లక్షల క్రోనర్లు ఖర్చు పెడితే ఆ ఊరివాళ్ల మీద పడేది లక్షే, మిగతా 9 లక్షలు పొరుగువాళ్లు మోస్తారు. వాటా ఎంత చిన్నదైతే చెయ్యి అంత ధారాళం. పరిశోధకులు లెక్కలు తీస్తే ఇదే ధోరణి కనిపించింది. విలీన ప్రకటనకు, అమలుకు మధ్య గడువు పెట్టేవాళ్లు ఖర్చులకూ అప్పులకూ తాళం ముందే వేసుకోవాలి.

జవాబు 3:
ఇక పొదుపు సంగతి. 2007కు ముందు, తర్వాత మొత్తం బడ్జెట్లు పక్కపక్కన పెట్టి పోల్చేవాళ్లు తప్పులో కాలేస్తారు. కౌంటీల పనులు చాలా, ముఖ్యంగా సామాజిక సేవలు, రోడ్లు, పర్యావరణం, అదే రోజు మునిసిపాలిటీల నెత్తిన పడ్డాయి. పని పెరిగితే ఖర్చూ పెరుగుతుంది కదా! అందుకే కలిసినవాటిని, కలవని ఆ 32తో పోల్చాలి. పనుల వారీగా విడదీసి చూడాలి.

అలా చూస్తే పాలన ఖర్చు తగ్గింది. మేయర్, కౌన్సిల్, హెడ్డాఫీసు ఒక్కటే అయ్యాయి మరి. కానీ అన్ని పద్దులూ కలిపి చూసిన 2016 నాటి అధ్యయనంలో చెప్పుకోదగ్గ పొదుపు తేలలేదు. ఒక పద్దులో తగ్గింది ఇంకో పద్దులో పెరిగిపోయింది. నాకైతే ఇందులో వింతేమీ లేదు. పిల్లాడి చదువుకయ్యే ఖర్చును బడి ఎంత పెద్దది, తరగతికి ఎంతమంది అన్నవే తేలుస్తాయి. మునిసిపాలిటీ హద్దు ఎక్కడుందో ఆ బడికి పట్టదు. వృద్ధుల సంరక్షణ కూడా అంతే.

జవాబు 4:
క్రోనర్ల లెక్కలో రాని నష్టం ఇంకొకటుంది. కలిసిన చోట్ల, స్థానిక రాజకీయం తమకు అర్థమవుతుందని, అందులో తాము పాల్గొనగలమని ప్రజలకున్న నమ్మకం తగ్గింది. పోల్చింది ఇక్కడా కలవని మునిసిపాలిటీలతోనే.

రీజియన్ల గురించి ఒక్క ముక్క: వాటి ముఖ్యమైన పని ఆసుపత్రులు, పన్ను వేసే అధికారం మాత్రం లేదు. రాజధాని రీజియన్, జీలాండ్ రీజియన్ 2027 జనవరి 1 నుంచి ఒక్కటవుతాయి, అప్పుడు మిగిలేవి 4.