మేడ మీద నీళ్లలో కొత్తిమీర: వేర్లు ఎందుకు కుళ్లుతున్నాయి?

ప్రశ్న (పటమట, విజయవాడ):
మేడ మీద పీవీసీ పైపుల్లో, మట్టి లేకుండా కొత్తిమీర, పుదీనా పెంచుతున్నానండీ. ఫిబ్రవరి దాకా బాగానే ఉంది. ఏప్రిల్ రాగానే కొత్తిమీర వాలిపోయింది. వేర్లు గోధుమరంగుకి తిరిగి జిగురుగా ఉన్నాయి, మురుగు వాసన. నీళ్ల పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 6 దగ్గరే ఉంది. పోషకాల మందు ఎక్కువైందా? "రైతుబజారుకెళ్తే పోయేదానికి ఇంత యాతనెందుకు" అని మా ఆవిడ రోజూ దెప్పుతోంది.

జవాబు (బ్రాడీపేట, గుంటూరు):
మందు కాదండీ, ఎండ. మధ్యాహ్నం రెండింటికి, పైపులకి నీళ్లందించే డ్రమ్ములో చెయ్యి పెట్టి చూడండి. నీళ్లు వేడెక్కేకొద్దీ వాటిలో కరిగి ఉండే ఆక్సిజన్ తగ్గుతుంది, వేరుకుళ్లు పట్టుకుంటుంది. 25 డిగ్రీలు దాటకపోతే మేలు, మన ఎండల్లో అది జరిగే పనా! నేను డ్రమ్ముని మెట్ల కింద నీడలోకి మార్చి, చేపల తొట్టెకి పెట్టే గాలి పంపు వేశాను. కరెంటు పోతే మాత్రం టెన్షనే.

మరో జవాబు:
కొత్తిమీర చల్లదనం కోరే మొక్క. వేడికి ఊరికే పూతకొచ్చేస్తుంది. అక్టోబరు దాకా వదిలేసి తోటకూర, బచ్చలి వేయండి. ముందు పైపులు బ్లీచింగ్ నీళ్లతో కడగండి.

అడిగినవారు:
ఇప్పుడే చూశానండీ, 34 డిగ్రీలు! పుదీనా ఎలా బతికిందో మరి.