బాస్కెట్‌బాల్ ఆటగాడు సత్నాం సింగ్ అమెరికా లీగ్ ఎన్‌బీఏలో ఒక్క మ్యాచ్ కూడా ఎందుకు ఆడలేకపోయాడు?

ఎంవీపీ బెంచ్:
సాయంత్రం కోర్టు పక్కన కూర్చుంటే చాలు, ఇదే వాదన. పంజాబ్ కుర్రాడు, 7 అడుగుల 2 అంగుళాలు, 14 ఏళ్లకే ఫ్లోరిడా ఐఎంజీ అకాడమీ. 2015 డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట, డల్లాస్ మావరిక్స్ 52వ పిక్‌గా తీసుకున్నారు. అంతే, ఎన్‌బీఏ సీజన్ స్కోర్‌షీట్‌లో పేరే ఎక్కలేదు. అంతా రాజకీయమని ఒకరు, బద్ధకమని ఇంకొకరు. అసలు కారణమేంటి? వైజాగ్‌లో ఎత్తున్న పిల్లలకి ఇందులో పనికొచ్చేది ఏమైనా ఉందా?

లేన్ స్లైడ్:
రాజకీయం లేదు, వంకాయ లేదు గురూ. పాదాల వేగం. ఆ డ్రాఫ్ట్‌కి సరిగ్గా రెండు వారాల ముందు, ఎన్‌బీఏ ఫైనల్స్ నాలుగో మ్యాచ్‌లో వారియర్స్ జట్టు తమ ఏడడుగుల సెంటర్ బోగట్‌ని మొదటి అయిదుగురిలోంచి తీసేశారు. ఎత్తు బేరం పడిపోతున్న రోజుల్లో మనవాడు బజారుకొచ్చాడు.

ఇంకోటి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. మనం ఆడే ఫిబా (అంతర్జాతీయ సమాఖ్య) రూల్స్‌లో డిఫెండర్ పెయింట్‌లో, అంటే రిమ్ ముందు గీతల మధ్య చోటులో, ఎంతసేపైనా పాతుకుపోవచ్చు. ఎన్‌బీఏలో ఎవర్నీ కాయకుండా 3 సెకన్లు దాటితే టెక్నికల్ ఫౌల్. బయటికి రావాలి, 7.24 మీటర్ల లైన్ దాకా షూటర్ మీదికెళ్లాలి, మళ్లీ రిమ్ దగ్గరికి వాలాలి. 130 కిలోల ఒంటితో అది మామూలు విషయం కాదు.

స్కోర్‌టేబుల్:
కాంట్రాక్ట్ సంగతి కూడా చూడండి. మొదటి రౌండ్ 30 మందికి జీతం గ్యారంటీ, రెండో రౌండ్‌కి ఆ భరోసా లేదు, 52వ పిక్ అంటే రెండో రౌండే. అందుకే ఎన్‌బీఏ కింది స్థాయి లీగ్ అయిన డి-లీగ్‌లో టెక్సాస్ లెజెండ్స్‌కి రెండు సీజన్లు ఆడాడు, అక్కడా బెంచ్ మీదే ఎక్కువ. ఎన్‌బీఏ జట్టుకీ కింది లీగ్ జట్టుకీ రెండింటికీ ఆడనిచ్చే టూ-వే కాంట్రాక్టులు 2017-18లో వచ్చాయి, అప్పటికే లెజెండ్స్‌తో పని అయిపోయింది. కాలం కలిసిరాలేదంటే ఇదే. అయితే టూ-వే ఉన్నా ఇచ్చేవాళ్లా? నాకైతే అనుమానమే.

ఉక్కునగరం విజిల్:
2019 మర్చిపోయారు. డోప్ టెస్ట్‌లో హైజనమైన్ అనే నిషేధిత పదార్థం దొరికింది, రెండేళ్ల నిషేధం. తర్వాత అమెరికా కుస్తీ కంపెనీ ఏఈడబ్ల్యూ రెజ్లింగ్‌కి వెళ్లిపోయాడు. పిల్లలకి చెప్పాల్సింది ఇదే: హైజనమైన్ కొన్ని మొక్కల్లో సహజంగానే ఉంటుంది. డబ్బా మీద ఆ పేరు ఉండకపోవచ్చు, మొక్క పేరు మాత్రమే ఉండొచ్చు. తెలియక మింగాను అన్నా బాధ్యత ఆటగాడిదే. జిమ్‌లో ఎవరో ఇచ్చిన ప్రీ-వర్కవుట్ పొడి వద్దు. వాడక తప్పదంటే బ్యాచ్ టెస్ట్ (ఆ బ్యాచ్‌లో నిషేధిత పదార్థాలు ఉన్నాయేమో ల్యాబ్ పరీక్ష) చేసిన సరుకు కొనండి, బిల్లూ బ్యాచ్ నంబరూ ఫొటో తీసి పెట్టుకోండి.

ఎంవీపీ బెంచ్:
సరే, మరి ఆ పాదాల వేగం ఎలా? బీచ్‌లో పరుగెత్తిస్తే?

లేన్ స్లైడ్:
ఆర్కే బీచ్ ఇసుక ఊపిరికి మంచిదే, పక్కకి కదిలే వేగం మాత్రం రాదు. పెయింట్ వెడల్పు 4.9 మీటర్లు. ఆ గీత నుంచి ఈ గీతకి 30 సెకన్లు స్లైడ్ (నడుం వంచి, కాళ్లు కలపకుండా పక్కకి జరగడం), నిమిషం విరామం, నాలుగుసార్లు. ఎన్ని గీతలు తాకాడో రాసుకోండి. పొడుగు పిల్లలు మూడోసారికే నడుం లేపేస్తారు, నడుం లేస్తే కాళ్లు కత్తెర పడతాయి. అలా పడిన క్షణమే ఆపేయండి, అలసటలో చేసిన తప్పే అలవాటవుతుంది. సిమెంట్ కోర్టయితే వారానికి మూడు రోజులకు మించొద్దు, మోకాలి కింద ముందు ఎముక నొప్పి మొదలవుతుంది. మన ఉక్కపోతకి షూ లోపల సాక్స్ తడిసి జారుతుంది, రెండో జత సంచిలో ఉండాలి.