పొద్దున చలికి డీజిల్ ఇంజిన్ స్టార్ట్ అవడం లేదు, తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర పల్లెటూరు. కాలువ శివారు చేను కావడంతో దాళ్వాకి (రెండో పంట వరికి) ఇంజిన్‌తోనే నీళ్లు తోడుకోవాలి. మాది 5 హెచ్‌పీ సింగిల్ సిలిండర్ ఇంజిన్, నాన్నగారి కాలం నాటిది.

సంక్రాంతి దగ్గరపడి మంచు మొదలైనప్పటి నుంచి తెల్లవారుజామున అసలు అందుకోవడం లేదు. డీకంప్రెషన్ లివర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలేసే మీట) ఎత్తి హ్యాండిల్ ఎంత జోరుగా తిప్పినా, లివర్ దించగానే రెండుసార్లు తెల్లపొగ కక్కి ఆగిపోతోంది. మధ్యాహ్నం ఎండెక్కాక మాత్రం ఒక్క తిప్పుకే లేస్తుంది! డీజిల్ ఫిల్టర్ మార్చాను, పైపులో గాలి తీశాను. ఇంజిన్ ఆయిల్ 20డబ్ల్యూ-40 గ్రేడు.

మెకానిక్ పిస్టన్ రింగులు అరిగాయి, సిలిండర్ బోరు చేయించాలంటున్నాడు. అంత ఖర్చు ఇప్పుడు కష్టం. ముందు ఇంజెక్టర్ (డీజిల్ చిమ్మే భాగం) చెక్ చేయించడం మంచిదా? హెడ్డు చుట్టూ నీళ్లు తిరిగే చోట గోరువెచ్చని నీళ్లు పోస్తే లేస్తుందని పక్కచేను బాబాయి అంటున్నారు. చల్లటి ఇనుము పగిలిపోతుందేమోనని నాకు భయం. ఎవరైనా అలా చేశారా? పెట్రోల్ గుడ్డ గాలి గొట్టం దగ్గర పెట్టమని ఇంకొకరన్నారు, అది మాత్రం నేను చేయను.

మాకు నీళ్ల వంతు తెల్లవారుజామునే. నారుమడి ఎండుతోంది, చాలా టెన్షన్‌గా ఉంది. దయచేసి త్వరగా చెప్పండి.